ఫోర్ట్‌నైట్ అంటే పద్నాలుగు రోజులా, పదిహేను రోజులా?

ప్రశ్న: కావలికి దగ్గరలో ఉన్న మా ఊళ్ళో నేను కొన్నేళ్ళు ఉపాధి హామీ పనులకు మేటుగా, అంటే కూలీల పనిని దగ్గరుండి చూసే మనిషిగా ఉన్నాను. చెరువులో పూడిక తీసేవాళ్ళు "డబ్బులు ఎన్నాళ్ళకు పడతాయమ్మా" అని అడిగినప్పుడల్లా పదిహేను రోజుల్లో పడతాయని చెప్పేదాన్ని. ఈ మధ్య మా మేనల్లుడు 2005 నాటి చట్టాన్ని ఇంగ్లీషులో చదివి, అందులో 'ఫోర్ట్‌నైట్' అనే మాట ఉందనీ, దాని అర్థం పద్నాలుగు రోజులేననీ, నేను ఇన్నేళ్ళూ అందరికీ ఒక రోజు ఎక్కువ చెప్పాననీ అన్నాడు. ఆ మాట నన్ను బాధపెడుతూనే ఉంది. వాడు ఆడే ఫోన్ ఆట పేరు కూడా అదే కాబట్టి అందులో కోట అనే అర్థం ఉందేమో అంటాడు. మన పక్షానికి పదిహేను రోజులు కదా? ఏది సరైన లెక్క? అసలు ఈ మాట ఎక్కడిది?
— ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: ముందుగా మీ మనసులోని బాధ తీరే మాట చెబుతాను. మాట అర్థం విషయంలో మీ మేనల్లుడు చెప్పింది నిజమే. అయినా మీరు కూలీలకు చెప్పిన లెక్క తప్పు కాదు. రెండూ ఎలా నిజమవుతాయో తెలియాలంటే ఆ మాట పుట్టుకను కొంచెం ఓపికగా చూడాలి.

ఫోర్ట్‌నైట్‌లో కోట లేదు, నలభై కూడా లేదు. అది 'పద్నాలుగు రాత్రులు' అనే రెండు మాటల కలయిక. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో పద్నాలుగును 'ఫేవర్‌టీన్' అనీ, రాత్రులను 'నిహ్ట్' అనీ పలికేవారు. నోట నలిగి నలిగి ఆ రెండూ ఒకటై, మధ్య అక్షరాలు కరిగిపోయి, చివరికి ఫోర్ట్‌నైట్ మిగిలింది. మన 'పది మీద మూడు' పదమూడుగా కుదించుకుపోయినట్లే ఇదీ జరిగింది. నాలుగు అనే అర్థం ఉన్న ఫోర్ అనే మాటలో కనిపించే 'యు' అక్షరం ఇందులో లేకపోవడం వల్లనే చాలామంది దీన్ని కోటతో ముడిపెడతారు. పరీక్షల్లో ఆ అక్షరాన్ని చేర్చి తప్పు రాసేవాళ్ళూ ఉన్నారు. ఆట సంగతి వేరు. 2017లో ఎపిక్ గేమ్స్ విడుదల చేసిన ఆ ఆటకు కోటనూ రాత్రినీ కలిపి, పాత మాటను తలపించేలా ఆ పేరు పెట్టారు. అందువల్ల ఆట విషయంలో మీ మేనల్లుడి ఊహ సరైనదే. మాట విషయంలో మాత్రం కాదు.

ఇక పగళ్ళను వదిలి రాత్రులను ఎందుకు లెక్కపెట్టారన్నది అసలైన ప్రశ్న. ఇంగ్లీషు వారి పూర్వులైన జర్మానిక్ తెగల గురించి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 98 ప్రాంతంలో రాసిన పుస్తకంలో, వాళ్ళు రోమన్లలాగా పగళ్ళను కాక రాత్రులను లెక్కపెడతారనీ, వాళ్ళ దృష్టిలో రాత్రే పగటిని వెంటబెట్టుకొని వస్తుందనీ రాశాడు. అంతకు నూరేళ్ళకు పైగా ముందే జూలియస్ సీజర్ నేటి ఫ్రాన్స్ ప్రాంతంలో ఉండిన గాల్ ప్రజల గురించి ఇదే సంగతి చెప్పాడు. అమావాస్య తరువాత పడమటి ఆకాశంలో సన్నని నెలవంక కనిపించింది మొదలు అది నిండుచంద్రుడయ్యేదాకా లెక్కపెట్టుకునేవాడికి గుర్తులన్నీ రాత్రిపూటే దొరుకుతాయి. సూర్యుడు రోజూ ఒకేలా కనిపిస్తాడు; ఎన్నో రోజు అని చెప్పగలిగేది చంద్రుడొక్కడే. పంచాంగమూ గోడ క్యాలెండరూ లేని కాలంలో రాత్రిని లెక్కకు పట్టుకోవడం వింత కాదు, అదే తేలికైన దారి.

ఇది మనకు తెలియని పద్ధతి అనుకోకండి. దసరాకు మనం జరుపుకునేవి నవరాత్రులే కానీ నవదినాలు కావు. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకున్నవారు కొండ కింద ఒక రాత్రి నిద్ర చేసి వస్తారు. పెళ్ళయిన కొత్తలో అల్లుడు అత్తవారింట మూడు నిద్రలు చేయాలంటారే తప్ప మూడు పగళ్ళు ఉండాలనరు. మొహర్రం నెలలో మన నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు వచ్చే ముస్లిం సోదరులను అడిగి చూడండి. ఇస్లామీ క్యాలెండరులో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి ఏ తేదీకైనా రాత్రి ముందు వస్తుంది, పగలు తరువాత వస్తుంది. మైల పట్టే కాలాన్ని ధర్మశాస్త్రాలు త్రిరాత్రం అని కొలిచాయి. అంతకన్నా అందమైన మాట ఇంకొకటుంది. అమరకోశంలో 'పక్షిణి' అంటే ఇటు గడిచే పగలునూ అటు రాబోయే పగలునూ కలుపుకొన్న ఒక రాత్రి. ఆ రాత్రి పక్షి, దానికి అటూ ఇటూ ఉన్న పగళ్ళు రెండు రెక్కలు. ఆశౌచం పక్షిణి అని పెద్దవాళ్ళు చెప్పగా విన్నవారు ఉండే ఉంటారు. ఈ మాట గుర్తుకు వచ్చినప్పుడల్లా, కాలాన్ని ఇంత సుతారంగా చూసిన కళ్ళు ఎవరివో అనిపిస్తుంది నాకు.

రెక్క మాట వచ్చింది కాబట్టి పక్షం సంగతి చూద్దాం. పక్షమంటే రెక్క, ఒక వైపు. చాంద్రమాసానికి వెలుగు రెక్క ఒకటి, చీకటి రెక్క ఒకటి. శుద్ధ పాడ్యమి నుంచి పున్నమి దాకా పదిహేను తిథులు. బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా మళ్ళీ పదిహేను. అందుకే పక్షమంటే పదిహేను రోజులన్న మాట మనకు స్థిరపడింది. అయితే తిథి వేరు, రోజు వేరు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్లు. అది ఒకసారి ఇరవై నాలుగు గంటలకు తక్కువలో ముగుస్తుంది, ఒకసారి ఎక్కువ తీసుకుంటుంది. మొత్తం చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర రోజులకు కొంచెం ఎక్కువ కాబట్టి అందులో సగమైన పక్షానికి సగటున పద్నాలుగు రోజుల పద్దెనిమిది గంటలు పడుతుంది. అంటే చంద్రుడి అసలు లెక్క ఇంగ్లీషు వారి పద్నాలుగుకూ మన పదిహేనుకూ నడుమన ఉంది. ఆ తెగలవాళ్ళు కిందికి దిగి పద్నాలుగన్నారు, మనం పైకి జరిగి పదిహేనన్నాం. ఇద్దరూ చూసింది ఒకే చంద్రుణ్ణి.

ఈ పద్నాలుగు ముప్పావు రోజుల కొలతను పుస్తకం ముట్టకుండా తెలుసుకున్నవారు మన తీరంలోనే ఉన్నారు. మైపాడు, ఇసకపల్లి, కొత్తపట్నం వైపు వేటకు వెళ్ళేవారిని అడిగితే అమావాస్యకూ పున్నమికీ సముద్రం పోటెక్కుతుందనీ, అష్టమి దగ్గర నీటి కదలిక తగ్గుతుందనీ చెబుతారు. సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేసినప్పుడు పెద్ద పోటు, అడ్డంగా పనిచేసినప్పుడు చిన్న పోటు వస్తాయి. ఒక పెద్ద పోటు నుంచి మరో పెద్ద పోటుకు గడిచే కాలం సరిగ్గా పక్షమే. మా అవ్వ చదువుకోలేదు. పాలు పోసే ఆమెకు లెక్క చెప్పడానికి వంటింటి తలుపు పక్కన బొగ్గుతో గీతలు గీసేది. సాయంత్రం దీపం పెట్టి, పాలు పోయించుకొని, ఒక గీత గీసేది. అమావాస్య మర్నాడు మొదలైన ఆ వరుస పున్నమి రాత్రి ముగిసేది. పొద్దున సున్నపు చేత్తో తుడిచి కొత్త వరుస పెట్టేది. కొన్ని వరుసల్లో పద్నాలుగు గీతలు, కొన్నింట పదిహేను ఉండేవి. ఒక్క గీత తేడా వచ్చిందని పాలామెతో ఆమె ఏనాడూ తగువు పడలేదు, ఎందుకంటే వాళ్ళిద్దరి లెక్కా ఆకాశంలో కనిపిస్తూనే ఉండేది.

ఇప్పుడు మీ మేనల్లుడు లేవనెత్తిన ఒక్క రోజు తేడా దగ్గరకు వద్దాం. ఈ తేడా మీ ఇంట్లో పుట్టింది కాదు. రెండు వారాలకు ఫ్రెంచివారు 'పదిహేను రోజులు' అంటారు, వారానికి 'ఎనిమిది రోజులు' అంటారు. వేల్స్ దేశపు భాషలో వారమంటే ఎనిమిది రాత్రులు, రెండు వారాలంటే పదిహేను రాత్రులు అని అర్థం వచ్చే మాటలున్నాయి. మనమూ ఇవాళ ఆదివారమైతే వచ్చే ఆదివారాన్ని ఎనిమిదో రోజు అంటాం. వీళ్ళెవరికీ లెక్క రాక కాదు. మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకొని లెక్కపెట్టడం ఒక పద్ధతి, మధ్యనున్న ఎడాన్ని లెక్కపెట్టడం ఇంకొక పద్ధతి.

మన జిల్లాల్లో ఇళ్ళనూ ఇంటి స్థలాలనూ అంకణాల్లో చెప్పుకుంటాం కదా. అంకణమంటే మొదట రెండు స్తంభాల నడుమ ఉన్న చోటు. వరుసగా పద్నాలుగు అంకణాల సావడి కట్టాలంటే పదిహేను స్తంభాలు నిలబెట్టాలి. స్తంభాలు లెక్కపెట్టినవాడు పదిహేనంటాడు, అంకణాలు లెక్కపెట్టినవాడు పద్నాలుగంటాడు, సావడి మాత్రం ఒక్కటే. ఈ సోమవారం మొదలుకొని రెండు వారాల తరువాత వచ్చే సోమవారం దాకా పగళ్ళను లెక్కపెట్టండి, పదిహేను వస్తాయి. వాటి నడుమనున్న రాత్రులను లెక్కపెట్టండి, పద్నాలుగే వస్తాయి. ఫోర్ట్‌నైట్ అనే మాటలో ఉన్నవి అంకణాలు, మనం పదిహేను రోజులన్నప్పుడు నోట వచ్చేవి స్తంభాలు.

చట్టం దగ్గర ఇది మాటల సరదాగా మిగలదు, కూలి డబ్బుల సంగతి అవుతుంది. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో మూడో సెక్షను, కూలిని వారం వారం చెల్లించాలనీ, ఏ పరిస్థితిలోనూ పని జరిగిన తేదీ తరువాత ఒక ఫోర్ట్‌నైట్ దాటకూడదనీ చెప్పింది. అదే చట్టం ఏడో సెక్షనులో, పని కోసం దరఖాస్తు పెట్టినవారికి పదిహేను రోజుల్లోగా పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలన్నప్పుడు మాత్రం ఫోర్ట్‌నైట్ అనలేదు, పదిహేను రోజులనే రాసింది. ఆపైన రెండో షెడ్యూలులో, మస్టరు (కూలీల హాజరు పట్టీ) ముగిసిన తేదీ నుంచి పదిహేను రోజుల్లోగా కూలి అందకపోతే, పదహారో రోజు దాటినప్పటి నుంచి రోజుకు బకాయిలో 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలని ఉంది. మీరు కూలీలకు చెప్పిన పదిహేను రోజులకు ఆధారం ఈ షెడ్యూలే. చెరువు గట్టున నిలబడి అడిగినవారికి ఆలస్యానికి పరిహారం ఎప్పటి నుంచి వస్తుందో చెప్పవలసిన మేటు నోట రావలసిన అంకె అదే.

మూడో సెక్షను ప్రకారం చూసినా మీ మాట చాలావరకు నిలుస్తుంది. ఒక తేదీ తరువాత ఇన్ని రోజులు అన్నప్పుడు ఆ తేదీని లెక్కలో వేయరు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం తొమ్మిదో సెక్షను కూడా, ఒక తేదీ 'నుంచి' అని చట్టంలో రాస్తే ఆ మొదటి రోజును వదిలిపెట్టాలనే చెబుతుంది. మూడో తేదీన మట్టి తవ్విన మనిషికి ఫోర్ట్‌నైట్ గడువు నాలుగో తేదీన మొదలై పదిహేడో తేదీన ముగుస్తుంది; అవి పద్నాలుగు రోజులు. తట్ట మోసిన రోజును కూడా కలుపుకొని వేళ్ళ మీద లెక్కపెట్టుకునే మనిషికి పదిహేడో తేదీ పదిహేనో రోజు అవుతుంది. మీరు చెప్పిందీ మీ మేనల్లుడు చదివిందీ ఒకే తేదీకి చేరుతున్నాయి. పని చేసిన మర్నాటి నుంచి పదిహేను లెక్కపెట్టుకోమని మీరెవరికైనా చెప్పి ఉంటేనే ఒక రోజు ఎక్కువైనట్లు.

అయినా ఒక చట్టాన్ని తెలుగు చేసేటప్పుడు ఫోర్ట్‌నైట్‌ను 'పక్షం' అని రాయడం నాకు సమ్మతం కాదు. పక్షమనగానే చదివేవాడి మనసు పంచాంగం వైపు పోతుంది, అంకె పదిహేను వైపు పోతుంది. కూలి డబ్బులకూ కోర్టు వాయిదాలకూ 'పద్నాలుగు రోజులు' అనే విడమరచి రాయాలి. లేదా 'రెండు వారాలు' అనాలి. అంకె తేలికగా అర్థం కావలసిన చోట అందమైన మాట పెట్టి పేదవాడిని తికమక పెట్టకూడదు.

ఇంగ్లీషులో కూడా ఈ మాట అర్థం అన్ని చోట్లా ఒకేలా లేదు. మన దేశపు బ్యాంకింగ్ చట్టంలో బ్యాంకులు రిజర్వు బ్యాంకుకు లెక్కలు చూపడానికి ఫోర్ట్‌నైట్ అంటే శనివారం మొదలుకొని రెండో శుక్రవారం దాకా, రెండు చివరలూ కలుపుకొని, అని చాలాకాలం నిర్వచనం ఉండేది. అది నిక్కచ్చిగా పద్నాలుగు రోజులు. 2025 నాటి బ్యాంకింగ్ చట్టాల సవరణ దాన్ని మార్చి, నెలలో ఒకటో తేదీ నుంచి పదిహేను దాకా ఒక ఫోర్ట్‌నైట్ అనీ, పదహారు నుంచి నెలాఖరు దాకా మరొకటి అనీ చెప్పింది. ఈ లెక్కన జనవరి రెండో సగం పదహారు రోజుల ఫోర్ట్‌నైట్, మామూలు ఏడాది ఫిబ్రవరి రెండో సగం పదమూడు రోజుల ఫోర్ట్‌నైట్. పదమూడు రోజుల పక్షమంటే మన పెద్దలు జంకేవారు. భారతంలో భీష్మపర్వం మొదట్లో వ్యాసుడు ధృతరాష్ట్రుడికి దుశ్శకునాలు చెబుతూ, పద్నాలుగో రోజునా పదిహేనో రోజునా పదహారో రోజునా అమావాస్య రావడం ఎరుగుదును కానీ పదమూడో రోజున రావడం ఎన్నడూ ఎరుగనంటాడు. పదిహేను తిథులున్నా పక్షానికి పద్నాలుగు రోజులూ పదహారు రోజులూ రావచ్చునని అంత వెనుకటి వారికే తెలుసుననడానికి ఆ మాట చాలు.

వాడుక గురించి నాలుగు మాటలు. ఫోర్ట్‌నైట్‌కు తోబుట్టువు ఒకటుండేది. ఏడు రాత్రులను కుదించి 'సెన్నిట్' అనేవారు. షేక్‌స్పియర్ నాటి నుంచి పందొమ్మిదో శతాబ్ది నవలల దాకా అది కనిపిస్తుంది, ఆ తరువాత వాడుక నుంచి తప్పుకుంది. ఏడు రోజులకు వీక్ అనే గట్టి మాట ఎటూ ఉన్నందువల్ల సెన్నిట్ అవసరం తీరిపోయింది. పద్నాలుగు రోజులకు ఇంకో మాట లేకపోవడం వల్ల ఫోర్ట్‌నైట్ బతికింది. ఒక మాట నిలవడానికీ పోవడానికీ దాని అందం కన్నా దాని ఖాళీని పూరించే మరో మాట ఉందా లేదా అన్నదే ఎక్కువగా పనిచేస్తుందని నా నమ్మకం. ఇంగ్లండులోనూ మన దేశంలోనూ అది ఇప్పటికీ మామూలు మాట. అమెరికాలో మాత్రం రెండు వారాలు అనే అంటారు. అక్కడి వారి చెవికి ఫోర్ట్‌నైట్ తాతల కాలపు మాటలా వినిపిస్తుంది. మీ మేనల్లుడు అమెరికాలోని బంధువులకు ఉత్తరం రాస్తే ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. బ్రిటిషువారు 'మండే ఫోర్ట్‌నైట్' అన్నప్పుడు వచ్చే సోమవారం కాదు, ఆ సోమవారం తరువాత రెండు వారాలకు వచ్చే సోమవారం. ఈ ఒక్క వాడుక తెలియక పాత ఉత్తరాల్లోని తేదీలను తప్పుగా లెక్కవేసినవారు ఉన్నారు.

ప్రశ్న: పక్షపత్రికను ఇంగ్లీషులో 'ఫోర్ట్‌నైట్లీ' అనాలా, 'బైవీక్లీ' అనాలా? పక్షపత్రికకు ఏడాదికి ఎన్ని సంచికలు రావాలి?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఫోర్ట్‌నైట్లీ అనండి. బైవీక్లీ అనే మాటకు వారానికి రెండుసార్లు అనే అర్థమూ, రెండు వారాలకొకసారి అనే అర్థమూ రెండూ వాడుకలో ఉన్నాయి. చందా కట్టేవాడికి ఏది వస్తుందో తెలియని మాటను పత్రిక తన మీద వేసుకోకూడదు.

సంచికల లెక్కకు వస్తే, మాటకు కట్టుబడి పద్నాలుగు రోజులకొకటి వేస్తే ఏడాదికి 26 సంచికలు వస్తాయి. మన పక్షపత్రికలు సాధారణంగా ఒకటో తేదీకీ పదిహేనో తేదీకీ వెలువడతాయి కాబట్టి వాటికి 24 వస్తాయి. మచిలీపట్నం నుంచి 1902లో వెలువడడం మొదలుపెట్టిన కృష్ణాపత్రిక తొలుత పక్షపత్రికే, తరువాత వారపత్రిక అయింది. లండనులో 1865లో మొదలైన ఫోర్ట్‌నైట్లీ రివ్యూ ఏడాదిన్నర తిరిగేసరికల్లా మాసపత్రికగా మారింది కానీ పేరు మార్చుకోలేదు. నెలకొకసారి వస్తూనే ఫోర్ట్‌నైట్లీగా దశాబ్దాలు బతికింది. అందుచేత పేరును బట్టి సంచికలు లెక్కపెట్టకుండా, చందా కట్టేముందు పత్రిక వారినే ఏడాదికి ఎన్ని అని అడగండి. ఒకవేళ ఏ పత్రికైనా పంచాంగం ప్రకారం ప్రతి పున్నమికీ ప్రతి అమావాస్యకూ రావాలనుకుంటే, మామూలు చాంద్రమాన సంవత్సరంలో 24 సంచికలూ, అధికమాసం వచ్చిన ఏడాది 26 సంచికలూ వేయవలసి ఉంటుంది.